పూయని చెట్టు గొడ్డుచెట్టు కాదు



ఈనాటి నా ప్రసంగమునకు విషయము పండ్లచెట్ల పూత. చెట్టు ఎప్పుడు పూయవలెనో, ఎప్పుడు పూత మాని తన ప్రాణము కాపాడుకొనవలెనో చెట్టులోపలనే నిర్ణయించు జన్యువుల కుటుంబములు కొన్ని కలవు. వానిని గూర్చి శాస్త్రజ్ఞులు గడచిన ముప్పదియేండ్లలో కనుగొన్న సంగతులలో కొన్నింటిని మనవి చేసెదను. నేను వృక్షశాస్త్రజ్ఞుడను గాను. బడిలో పిల్లలకు వ్యాకరణము చెప్పి విశ్రాంతి గొన్నవాడను. ఐనను ఈ విషయము నన్ను పట్టుకొనుటకు కారణమొకటి కలదు. ఆ కారణము మా పెరటిలోనే యున్నది.

మా పెరటిలో మా తండ్రిగారు నాటిన బంగినపల్లి మామిడి కలదు. ఒక సంవత్సరము అది కొమ్మలు విఱుగునట్లు కాచెను. మరుసటి యేడు ఒక్క పూగుత్తియైన లేదు. చెట్టునకు బలము చాలలేదని తలచి, నేను ఆ పై యేడు కార్తీకము మొదలు పుష్యము వఱకు వారమునకు రెండుమాఱులు పాదు నిండ నీరు పోయించితిని. గంపలకొలది పెంటయెరువు వేయించితిని. సంక్రాంతి నాటికి చెట్టంతయు రాగిరంగు లేజిగుళ్ళతో కన్నులపండువుగా నుండెను. పూత మాత్రము లేదు. చుట్టపుచూపుగా వచ్చిన మా మేనల్లుడు చూచి, "మామయ్యా, ఈ చెట్టు గొడ్డుపోయినది. కొట్టించివేసి కొబ్బరిమొక్క వేసికొనరాదా?" అనెను. నాకును అదియే సబబని తోచెను. కలపవానితో బేరము కుదిరినది, బయానా పుచ్చుకొంటిని.

రేపు గొడ్డలి వచ్చుననగా, మా యూరిలో తోటలు కాచి తల నెఱసిన ముదుసలి యొకడు దారిని పోవుచు ఆగి, చెట్టును పైకి క్రిందికి చూచి, "అయ్యవారూ, తప్పు చెట్టుది కాదండి. చలికాలంలో నీళ్ళు తాపితే మామిడి ఆకే పెడుతుంది గాని పూత పెట్టదు. ఒక్క ఏడు దాని మానాన దాన్ని వదిలెయ్యండి" అనెను. నేను సిగ్గుపడి బయానా తిరిగి యిచ్చివేసితిని. ఆ మరుసటి యేడు ఆశ్వయుజము నుండి చెట్టునకు చుక్క నీరు పోయలేదు. మాఘమాసమున ఆ చెట్టు ఆకు కనబడకుండ పూచెను.

"నీ కీ సంగతి ఎట్లు తెలియును?" అని ఆ వృద్ధు నడిగితిని. "మా అయ్య చెప్పాడండి" అనెను. అతని తండ్రి చెప్పినది నిజమని చెట్టే సాక్ష్యము పలికినది. కాని నీరు మానినచో చెట్టేల పూయవలెను? కష్టపెట్టినచో ఫలించుట యేమి న్యాయము? ఈ ప్రశ్న నన్ను విడువలేదు. దొరికిన పుస్తకములన్నియు చదివి తెలిసికొన్నది యిది.

ప్రతి జీవియొక్క కణములలోను ఆ జీవి యెట్లు పెరుగవలెనో తెలుపు శాసనమొకటి వ్రాయబడి యున్నది. ఆ వ్రాతకు అక్షరములు నాలుగే. అందు ఒక్కొక్క వాక్యము వంటిది జన్యువు. ఆ వాక్యము చెప్పినట్లు కణము ఒక్కొక్క మాంసకృత్తును, అనగా ప్రోటీనును, తయారుచేయును. ఆ మాంసకృత్తులే ఆకును ఆకుగను, పూవును పూవుగను నిలుపును. యాపిలుచెట్టు శాసనమును 2010లోను, పీచుచెట్టు శాసనమును 2013లోను, మన మామిడి శాసనమును ఆల్ఫాన్సో రకము నుండి 2020లోను శాస్త్రజ్ఞులు చదివి ప్రకటించిరి.

జన్యువుల కుటుంబమనగా నేమి? దీనికి మన వ్యాకరణమే చక్కని దృష్టాంతము. ఆహారము, విహారము, ప్రహారము, సంహారము, ఈ నాలుగు మాటలలోను ఉన్న ధాతువు 'హృ' ఒక్కటే. ముందు చేరిన ఉపసర్గ చిన్నది; అర్థములో భేదము మాత్రము అన్నము పెట్టుటకును ప్రాణము తీయుటకును ఉన్నంత. జన్యువులును అట్లే. పూర్వమెప్పుడో ఒక జన్యువు ఉండెను. అది కాలక్రమమున నకలు పడి రెండైనది, నాలుగైనది, పదియైనది. ఒక్కొక్క నకలులో నాలుగక్షరములు మాఱినవి. రూపమున అన్నియు అన్నదమ్ములే. పనిలో మాత్రము ఒకడు 'ఔ'నన్న మఱియొకడు 'కా'దనును.

పూతకు సంబంధించిన కుటుంబములో ముఖ్యులిద్దరు. ఒకటి ఎఫ్.టి. యను జన్యువు, రెండవది టి.ఎఫ్.ఎల్.1 అనునది. మొదటిది 'పూయు' మని చెప్పును. రెండవది 'ఇప్పుడు వలదు, పెరుగు' మని చెప్పును. అరబిడాప్సిస్ అను, ఆవమొక్కకు చుట్టమైన ఒక చిన్న కలుపుమొక్కలో వీనిని ముందుగా గుర్తించిరి. ఈ జన్యువులు చేయు మాంసకృత్తులు ఇంచుమించు 175 పూసల దండలవంటివి. 2005లో శాస్త్రజ్ఞులు ఒక వింత కనుగొనిరి. ఆ దండలో ఒక్క పూసను మార్చినంతమాత్రమున 'వల'దనునది 'పూయు' మనునదిగా మాఱిపోయినది. ఒక్క ఉపసర్గ మాఱిన సంహారము ఆహారమైనట్లే గదా!

ఇక ఈ 'పూయు' మను ఆజ్ఞ ఎచ్చట పుట్టును? పూవు మొగ్గలో పుట్టును గనుక ఆజ్ఞయు మొగ్గలోనే పుట్టునని మనము తలతుము. అట్లు గాదు. అది ఆకులో పుట్టును. 1937లో సోవియట్ దేశమున చైలఖ్యాన్ అను శాస్త్రజ్ఞుడు చామంతి మొక్కలతో ప్రయోగములు చేసి, పగలు రాత్రుల నిడివిని కనిపెట్టునది ఆకేయనియు, ఆకు నుండి ఏదియో ఒక పదార్థము మొగ్గకు పోయి పూయించుచున్నదనియు చెప్పెను. దానికి 'ఫ్లోరిజెన్' అని పేరుపెట్టెను. పూవును పుట్టించునది యని అర్థము. పేరు పెట్టెనుగాని పదార్థము చిక్కలేదు. డెబ్బదియేండ్లు దేశదేశముల వారు వెదకిరి. తుదకు 2007లో జర్మనీ, జపాను దేశముల శాస్త్రజ్ఞులు ఆ దూత ఎఫ్.టి. మాంసకృత్తే యని నిరూపించిరి. అది ఆకులో తయారై, బెరడులోని నాళముల ద్వారా మొగ్గకు పయనించి, అచ్చట తాను చెప్పవలసినది చెప్పును. చైలఖ్యాన్ అప్పటికి లేడు. ఐనను అతని మాట నిలిచినది.

ఇది కలుపుమొక్కకును పండ్లచెట్టునకును సమానమా యని మీరడుగవచ్చును. సమానమే యని ప్రయోగములు చెప్పినవి. గింజ వేసిన యాపిలుమొక్క పూయుటకు సామాన్యముగా ఐదాఱేండ్లు పట్టును. జపాను శాస్త్రజ్ఞులు దానిలో 'వల'దను జన్యువు నోరు నొక్కి, దాని ఫలితమును 2006లో ప్రకటించిరి. అందొక మొక్క ఎనిమిది నెలలకే పూచెను. అంతకు ముందేడు ఆ దేశమందే నారింజజాతి మొక్కలో 'పూయు' మను జన్యువును హెచ్చుగా పనిచేయించిరి. అదియు పసితనములోనే పూచెను. కావున చెట్టు ఏండ్ల తరబడి పూయకుండుట అశక్తత వలన గాదు. 'వల'దను పెద్దదిక్కు ఇంటిలో ఉండుట వలననే.

ఇప్పుడు మా మామిడి మాటకు వత్తము. మామిడిలో ఎఫ్.టి.ని మేలుకొలుపు మొదటి వస్తువు చలి. మామిడిమొక్కలను పగలు 30, రాత్రి 25 డిగ్రీల వేడిగల గదులలో నుంచి చూచిరి. అవి చిగుళ్ళే వేసినవి. పగలు 15, రాత్రి 10 డిగ్రీలుగా నుంచిన గదులలో పెక్కు రకములు పూచినవి. మన తీరప్రాంతములలో అంత చలి పడదు. అట్టిచోట రెండవ సంగతి ముఖ్యమగును. అది కొమ్మ వయస్సు. కడపటి చిగురు వచ్చి, ముదిరి, కొన్ని నెలలు కదలక మెదలక విశ్రమించిన కొమ్మయే పూయును. లేత కొమ్మ పూయదు. నేను కార్తీకమున నీరు పోసి చేసిన అపచారమిదియే. విశ్రాంతిలో నున్న కొమ్మలను తట్టి లేపి చిగురు వేయించితిని. చెట్టంతయు పసితనమునకు మరలినది. ఇక పూత యెక్కడిది?

మఱి అంతకు ముందేడు పూయలేదేమి? అప్పుడు నేను నీరు పోయలేదు గదా! దానికి జవాబు అంతకు ముందటి విరగకాపు. 2011లో స్పెయినుదేశపు శాస్త్రజ్ఞులు కమలాజాతి చెట్లలో పరీక్షించి, కాయలు నిండుగానున్న చెట్ల ఆకులలో ఎఫ్.టి. పని సన్నగిలుననియు, కాయలు లేని చెట్లలో హెచ్చుగా నుండుననియు ప్రకటించిరి. కడుపునిండ కాయలున్న చెట్టు మరుసటి యేటి పూతకు తానే తలుపు వేసికొనును. యాపిలుచెట్లలో 1967లో చూచిన వింత మఱియొకటి కలదు. విత్తులున్న కాయలు మోసిన కొమ్మలు మరుసటి యేడు పూయలేదు. విత్తులు లేని కాయలు మోసినవి పూచినవి. కాయలోని విత్తే తల్లికి 'ఈయేటికి చాలు' అని చెప్పుచున్నదన్నమాట. విత్తులలో పుట్టు జిబ్బరెలిను అను రసము ఇందుకు ముఖ్యకారణమని తలచుచున్నారు. ఈ రసమును 1926లో కురొసావా అను జపాను శాస్త్రజ్ఞుడు వరిపైరు అతిగా పొడవెదిగి పాడగు తెగులును పరిశోధించుచు మొదట గుర్తించెను. అది చెట్టును పెంచును. పండ్లచెట్ల పూతను సామాన్యముగా ఆపును.

ఇంతవఱకు పూతమాట. ఇక చెట్టు ఓర్పుమాట. ఇచ్చటనే నా ప్రశ్నకు జవాబు దొరికినది.

నల్లగొండ, అనంతపురము ప్రాంతముల బత్తాయితోటల వారు చెట్లకు కొన్ని వారములు నీరు మాన్పి, ఆకు వాడి వ్రాలువఱకు ఎండగట్టి, పిదప నీరు పెట్టుదురు. తోటంతయు ఒక్కమాఱుగా పూయును. ఇది మీలో పలువురికి స్వానుభవమే. 2013లో అమెరికాలోని ఫ్లారిడాలో ఈ బత్తాయిజాతి చెట్లనే నీరులేక ఎండగట్టి, ఆకులలోని జన్యువులను పరీక్షించిరి. దాహము హెచ్చినకొలది ఎఫ్.టి. పని హెచ్చినది. అనగా దాహబాధయు, పూతయాజ్ఞయు రెండు వేఱు వేఱు వ్యవహారములు గావు. కఱవు వచ్చినదని ఎఱిగిన చెట్టు, తాను ఉండునో లేదో యని సంతతిని గూర్చి ఆలోచించునట్లు పనిచేయును. చెట్టున కాలోచన యున్నదని నేననను. దాని జన్యువుల కూర్పు అట్లున్నదని మాత్రము చెప్పెదను.

ఓర్పునకు వేఱుగా కుటుంబములు కలవు. అందొకటి సి.బి.ఎఫ్. అను కుటుంబము. చలి తగిలిన నిమిషములలోనే ఇవి మేలుకొని, పదులకొలది ఇతర జన్యువులకు ఆజ్ఞలిచ్చి, కణములు గడ్డకట్టి చెడకుండునట్లు చక్కెరలను రక్షక పదార్థములను సిద్ధముచేయించును. దీనికి దాయాదులైన జన్యువులు కొన్ని అనావృష్టికిని, ఉప్పునేలకును ఓర్పు నిచ్చును.

మఱియొక పెద్దకుటుంబము మాడ్స్ అనునది. ఈ పేరు మన పాణిని ప్రత్యాహారము వంటిది; నాలుగు జన్యువుల పేర్ల మొదటి అక్షరములు కూర్చి చేసినది. ఆ నాలుగింటిలో ఒకటి రొట్టె పులియబెట్టు ఈస్టులోనిది, రెండు పూలమొక్కలలోనివి, నాల్గవది మనుష్యునిలోనిది! ఈస్టునకును, చెట్టునకును, మనకును ఇంత దూరపు చుట్టరికము కలదు. ఈ కుటుంబములో ఒక శాఖ చలిదేశపు చెట్లను శీతకాలమున నిద్రపుచ్చును. ఈ నిద్రకు నిదర్శనముగా ఒక పీచుచెట్టు కథ చెప్పెదను.

మెక్సికోదేశమున ఎప్పుడును నిద్రింపని పీచుచెట్లు కనబడినవి. చలికాలము వచ్చినను వాని కొమ్మల కొనలు పెరుగుచునే యుండును. వినుటకిది గొప్పగా నున్నది. కాని మంచుపడు చోట నాటినచో, ఆ లేతకొనలు ప్రతి శీతకాలమును మాడి చచ్చును. 2008లో అమెరికా శాస్త్రజ్ఞులు దీని కారణము బయటపెట్టిరి. మామూలు పీచుచెట్టులో నిద్రపుచ్చు మాడ్స్ జన్యువులు ఆఱు వరుసగా నుండును. ఈ చెట్టులో అందు నాలుగు చెడి లుప్తమైనవి. నిద్ర సోమరితనము గాదు, రక్షణ యని ఆ చెట్టు మనకు చెప్పుచున్నది.

ఇక దీనికి ఎదురుకథ వినుడు. పీచులోని సి.బి.ఎఫ్. జన్యువును తీసి అమెరికా శాస్త్రజ్ఞులు యాపిలుచెట్టులో చేర్చి, 2011లో ఫలితమును ప్రకటించిరి. చెట్టునకు చలినోర్చు శక్తి హెచ్చినది. సంతోషమే. కాని ఆ చెట్టు ఎదుగుదల తగ్గినది. పగళ్ళు కుఱుచయగుట తోడనే నిద్రకు పోయినది. వసంతమున ఆలస్యముగా మొగ్గ విప్పినది. ఓర్పు వచ్చెను, పెరుగుదల పోయెను. చెట్టు సంసారములో రాబడి ఒక్కటే. దానిని పూతకు ఖర్చుపెట్టిన ఓర్పునకు తఱుగును. ఓర్పునకు ఖర్చుపెట్టిన పెరుగుదలకు తఱుగును. ఈ లెక్క సరిచూచుటకే ఇన్ని కుటుంబములు, ఇందఱు 'ఔ'నను వారు, ఇందఱు 'కా'దను వారు చెట్టులోపల నున్నారు. ఒక్క జన్యువును మార్చి సర్వమును సాధింతమనువారు ఈ యాపిలుచెట్టును స్మరింపవలెను.

ఇందువలన మనకు కలుగు ప్రయోజనమేమి? నాలుగు మాటలు చెప్పెదను.

మామిడికి నీరు, ఎరువు పెట్టవలసిన కాలము కాయలు కోసిన వెంటనే. అప్పుడు వచ్చిన చిగురు చలికాలమునకు ముదిరి సిద్ధమగును. ఆశ్వయుజ కార్తీకముల నుండి పిందెలు బఠాణిగింజంత యగువఱకు నీరు మానవలెను. కాని లేతమొక్కలకు ఈ కష్టము పెట్టరాదు. బత్తాయినైనను నేలతీరు నెఱిగి మితముగా ఎండగట్టవలెను గాని చంపరాదు. ఇది మొదటి మాట.

రెండవది, విరగకాపు కాచిన యేడు ఆశపడక కొన్ని పిందెలను తీసివేయుట చెట్టునకు మేలు. మరుసటి యేటి తలుపు పూర్తిగా మూసికొనకుండును.

మూడవది, చెట్టులో జిబ్బరెలిను పుట్టకుండ చేసి పూయించు పాక్లోబ్యూట్రజాలు అను మందు నేడు అంగళ్ళలో దొరకుచున్నది. దాని పని యెట్టిదో మీరిప్పుడు గ్రహించితిరి. అది బలము నిచ్చు మందు గాదు. 'వల'దను నోటిని మూయు మందు. చెట్టు తాను ఖర్చుపెట్టదలచని దానిని దానిచే ఖర్చుపెట్టించును. మోతాదు మించిన కొమ్మలు గిడసబారును. మందు నేలలో చిరకాలము నిలుచును. బలహీనపు చెట్టునకును, లేతచెట్టునకును దానిని పోయరాదు. వ్యవసాయాధికారి నడుగక పోయరాదు.

నాల్గవది, కొత్తగా తోట వేయువారు ఏటేట కాచు రకములను విచారింపవలెను. నీలము ఏటేట కాచు గుణము కలది. దానిని ఉత్తరదేశపు దశేరితో సంకరము చేసి 1970 దశకములో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ వారు మల్లిక, ఆమ్రపాలి యను రకములను విడుదలచేసిరి. ఆనాడు వారు జన్యువును కంటితో చూడలేదు. తల్లిదండ్రుల గుణములు చూచి సంబంధము కుదిర్చిరి. మన పెద్దలు పెండ్లి సంబంధములు కుదుర్చునట్లే! నేడు జన్యువులను చదువనేర్చుటవలన, చిన్నమొక్కగా నుండగనే దాని గుణము నూహించు దారి ఏర్పడుచున్నది. శీతకాలములు క్రమముగా వేడెక్కుచున్న ఈ దినములలో ఆ విద్య మిక్కిలి యవసరము. హిమాచలప్రదేశమున యాపిలుతోటలు చలిని వెదకికొనుచు కొండలపైకి జరుగుచున్నవి. మన మామిడికి ఎక్కుటకు అట్టి కొండలు లేవు.

కడపట ఒక్క మాట. 'గొడ్డు' అను మాట మన నోట మిక్కిలి సులభముగా వచ్చును. చెట్టును అందుము, పశువును అందుము, ఒక్కొక్కప్పుడు ఇంటి ఆడుబిడ్డలను గూడ అందుము. కారణము విచారింపక ఆ మాట అనుట ఎంత తప్పో నాకు నా మామిడి నేర్పినది. తప్పు నా చేతిలోని నీటిచెంబుది. శిక్ష చెట్టునకు వేయబోతిని. నన్ను ఆపిన ముదుసలికి జన్యువులు తెలియవు. కాని అతని తండ్రి కనిపెట్టి చెప్పిన సంగతినే నేడు శాస్త్రము వేఱు భాషలో చెప్పుచున్నది. మీ గ్రామములలోను అట్టి వృద్ధులుందురు. వారి మాటలను పిల్లలచే వ్రాయించి ఉంచుడు. పూయని చెట్టు కనబడినప్పుడు గొడ్డలి నడుగక ముందు వారి నడుగుడు.

సెలవు.